తడి ఇసుక మీద మూడు వేళ్ళు



జనవరి సెలవులకు మా అక్క పిల్లలు ఒంగోలు నుండి కొత్తపట్నం వచ్చారు. ఒకనాడు ఫజ్ర్ నమాజు తరువాత వారిని సముద్రతీరానికి తీసుకువెళ్ళాను. అల వెనుదిరిగిన చోట, తడి ఇసుకపై, ఏదో పక్షి అప్పుడే నడిచి వెళ్ళిన గుర్తులు కనిపించాయి. ముందుకు చాచిన మూడేసి వేళ్ళు, వరుసగా. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు వాటి ముందు కూర్చుండిపోయింది.

“మామూ, పక్షులు డైనోసార్ల సంతతి అని మా టీచరు చెప్పారు. ఇంట్లో అంటే నానీ కోప్పడింది. అలా అనుకోవడం గునాహ్ అవుతుందా?” అని మెల్లగా అడిగింది.

ఆమె అడిగిన దానికంటే, అడగడానికి గొంతు తగ్గించుకోవడమే నన్ను ఎక్కువ బాధించింది. అందుకే ఈ నెల ఆ ప్రశ్ననే మీ ముందు ఉంచుతున్నాను.

ఇలాంటి మూడు వేళ్ళ గుర్తులే, కాని మరెంతో పెద్దవి, అమెరికాలోని కనెక్టికట్ నదీలోయలో రాళ్ళపై దొరికాయి. 1836లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే పండితుడు వాటిని పూర్వకాలపు మహాపక్షుల పాదముద్రలని వర్ణించాడు. అవి డైనోసార్ల అడుగులని తరువాతి కాలంలో తేలింది. ఆయన పొరబడ్డాడు, నిజమే. అయితే ఆ పోలిక మాత్రం ఒట్టిది కాదు. 1861లో జర్మనీలోని సున్నపురాతిలో ఆర్కియోప్టెరిక్స్ అనే జీవి శిలాజం వెలుగుచూసింది. సుమారు 15 కోట్ల ఏళ్ళనాటి ఆ జీవికి పక్షికి వలె ఈకలున్నాయి. సరీసృపానికి వలె దంతాలు, ఎముకలతో కూడిన పొడవాటి తోక, రెక్కలపై గోళ్ళు ఉన్నాయి. 1996లో చైనా శాస్త్రజ్ఞులు సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్‌ను లోకానికి పరిచయం చేశారు. అది ఎగరలేదు, అయినా దాని ఒంటిపై నూగు ఈకల జాడలున్నాయి. అంటే ఈక ఎగరడానికంటే ముందే పుట్టింది. బహుశా ఒంటి వెచ్చదనం కోసం. రెండు కాళ్ళపై నడిచిన మాంసాహార డైనోసార్లలో ఒక శాఖయే నేటి పక్షులని ఇప్పుడు దాదాపు శాస్త్రజ్ఞులందరూ అంగీకరిస్తున్నారు.

మన తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. గోదావరి లోయలోని యామన్‌పల్లి వద్ద దొరికిన ఎముకలకు 1988లో ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నేటికీ చూడవచ్చు. కాని అది పక్షులకు పూర్వజం కాదు. నాలుగు కాళ్ళపై నడిచిన శాకాహారి. పక్షుల వంశానికి తాత కాదు, తాతగారి దాయాది అనుకోవచ్చు.

అంతదూరం వెళ్ళలేనివారికి వంటిల్లే చాలు. ఆ మధ్యాహ్నం కోడికూర వండుతున్న మా అమ్మ దగ్గరకు మేనకోడలిని తీసుకువెళ్ళాను. రొమ్ముకు పైన, మెడ మొదట్లో, చీలిన పుల్లలాంటి ఎముక ఉంటుంది. రెండు జత్రుక ఎముకలు ఒకటిగా కలిసి ఏర్పడినది. అదే ఎముక మాంసాహార డైనోసార్లలోనూ ఉంది. కోడి కాలిపై పొలుసులను, రెక్క చివర అతుక్కుపోయిన వేళ్ళను పిల్ల స్వయంగా తడిమి చూసింది.

ఇక మా అమ్మ భయం సంగతి. ఆమె కోప్పడింది కోడి గురించి కాదు; మాట ఆదమ్ అలైహిస్సలాం వరకు వెళుతుందేమోనని. మానవ సృష్టి విషయమై మన ఉలమాల చర్చ వేరు. దానిని వారివద్దనే నేర్చుకోవాలి. రాతిలోని ఎముక చెప్పేది ఏది ముందు, ఏది తరువాత అన్న వరుసనే. ఆ వరుసను నిర్ణయించినవాడు ఎవరన్నది మన ఈమాన్ చెబుతుంది. భూమిపై సంచరించి సృష్టి ఆరంభాన్ని పరిశీలించమని దివ్యఖుర్ఆన్ (29:20) మనలను పిలుస్తున్నప్పుడు, పరిశీలించిన బిడ్డను మనం మందలించవచ్చునా?

ఈ సందర్భంలో సలీం అలీ (1896–1987) బాల్యం గుర్తుకు వస్తుంది. తల్లిదండ్రులు లేని ఆయనను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచారు. పదేళ్ళ ప్రాయంలో ఆ బాలుడు కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చ ఉంది. ఇదేమి పిట్ట అని మామూను అడిగాడు. ఆయనకు తెలియలేదు. విసుక్కోలేదు, నోరు మూయించలేదు. తెలిసినవారి వద్దకు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. ఆ బాలుడే పెద్దవాడై 1931–32లో నైజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షులను నమోదు చేశాడు. ఒక పెద్దమనిషి “నాకు తెలియదు” అన్నందువల్ల దేశానికి ఒక పక్షిశాస్త్రవేత్త లభించాడు.

సోదర సోదరీమణులారా, బిడ్డ ప్రశ్నకు మన వద్ద జవాబు లేకపోవడం తప్పు కాదు. ఆ లోటును కోపంతో కప్పిపుచ్చుకుంటేనే నష్టం. ఇంట్లో అడగలేని బిడ్డ బయట అడుగుతుంది. అక్కడ ఎవరు ఏమి చెబుతారో మనకు తెలియదు.

ఆ ఎముకను మా అమ్మ కడిగి, ఆరబెట్టి, మనవరాలి చేతికి ఇచ్చింది. “మీ టీచరుకు చూపించు, ఇంకా ఏమి చెబుతారో వచ్చి నాకూ చెప్పు” అంది. ఈసారి పిల్ల గొంతు తగ్గించలేదు.