బొంతకూ ఒక గోడ: లాలాగూడ నుంచి ఒక ప్రణాళిక

మేము లాలాగూడ, మెట్టుగూడ, శాంతినగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లం. మాలో బొంతలు కుట్టేవాళ్లున్నారు, పరుపులు కుట్టే దూదేకులవాళ్లున్నారు, క్రోషియా అల్లే రిటైర్డ్ టీచర్లున్నారు, రైలు పెట్టెల సీట్లకు రెక్సిన్ కుట్టి ఇప్పుడు పింఛను తీసుకుంటున్నవాళ్లున్నారు. హైదరాబాద్ నగరంలోని మ్యూజియంలు, గ్యాలరీలు మా పనిని ప్రదర్శనకు పెట్టాలని అడుగుతున్నాం. ఎలా పెట్టాలో కూడా చెబుతున్నాం. ఈ రెండోదే ముఖ్యం. ఎందుకంటే, ఊరికే అడిగితే మహిళా దినోత్సవం నాడు ఒక మూల బల్ల వేసి, రిబ్బను కత్తిరించి, సాయంత్రానికి సర్దేసేవాళ్లు దొరుకుతారు. ఆ ముచ్చట మాకొద్దు.

గుడ్డను చూడటానికి జనం రారని గ్యాలరీలవాళ్లు అంటుంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో రెబెకా బొమ్మ ముందు ఒక ఆదివారం నిలబడి చూడండి. బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. జనం నోరెళ్లబెట్టి చూసేది ఆమె ముఖాన్ని కాదు, ముఖం మీద జారిన మేలిముసుగును. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ దగ్గరా అంతే, పిల్లలు వేలు పెట్టి చూపించేది ఆ నారబట్ట కట్లనే. అంటే, రాతిలో చెక్కితే గుడ్డను చూస్తారు, వేల ఏళ్లు పాతబడితే చూస్తారు, కశ్మీరు శాలువా అయితే సరేసరి. పక్కింటి పెద్దమ్మ పాత చీరలు పేర్చి కుట్టిన దానికి మాత్రం గోడ దొరకదు.

లాలాగూడే ఎందుకని అడగొచ్చు. ఇక్కడి రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో పెట్టినది. పని కోసం తెలుగు జిల్లాల నుంచి, తమిళ దేశం నుంచి, మరాఠీ ప్రాంతం నుంచి కుటుంబాలు వచ్చాయి. ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. ఎవరి సూది వాళ్లు తెచ్చుకున్నారు. క్వార్టర్లలో ఒక గడపలో లేసు కర్టెను, పక్క గడపలో గోడ మీద ఆరేసిన బొంత, ఆ పక్కన ఎంబ్రాయిడరీ దిండు గలీబు. నీలం యూనిఫాం పాతబడితే దాని గతి రెండే రకాలు: గ్రీజు తుడుచుకునే గుడ్డ, లేదంటే బొంత లోపలి పొర. వర్క్‌షాపు చరిత్ర రాసేవాళ్లు ఇంజన్లనూ పెట్టెలనూ లెక్కపెడతారు. ఆ పొరల్లో ఉన్నదీ వర్క్‌షాపు చరిత్రేనని మేమంటున్నాం.

బొంత సంగతి తెలియనివాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. కింద ఒక గట్టి చీర పరుస్తారు. దాని మీద చిరిగిన పంచెలు, లుంగీలు, గుండీలూ కాలరూ తీసేసిన చొక్కాలు ఎత్తుపల్లాలు లేకుండా సర్దుతారు. అన్నిటికన్నా పైన కంటికి ఇంపుగా ఉన్న చీర. అంచులు లోపలికి మడిచి, పొరలు జరగకుండా ముందు దూరం దూరంగా టాకాలు వేస్తారు. అసలు కుట్టు ఆ తర్వాతే. పెద్ద సూది, రెండు పేటల దారం, వేలెడు ఎడంలో వరుసలు. ఒకరు ఈ అంచు నుంచి, ఇంకొకరు ఆ అంచు నుంచి మొదలుపెట్టి, బొంత మీదే కూర్చుని జరుగుతూ నడిమికి వస్తారు. ఒకరి కుట్టు బియ్యపు గింజంత, ఇంకొకరిది దానికి రెండింతలు. రెండు చేతులూ ఎక్కడ కలిశాయో నడిమిన స్పష్టంగా తెలిసిపోతుంది. మ్యూజియంవాళ్లు లైటు వేసి చూపించాల్సింది ఆ చోటునే. మూలల్లో వేసిన పూలూ రంగుల ముక్కలూ ఎలాగూ అందరికీ కనిపిస్తాయి.

కాబట్టి మా మొదటి మాట పేర్ల గురించి. కుట్టినవాళ్ల పేరు లేకుండా ఏ వస్తువూ గోడ ఎక్కకూడదు. ఇద్దరు కుట్టి ఉంటే ఇద్దరి పేర్లూ. పేరు మరుగునపడి ఉంటే, ఏ బస్తీ నుంచి వచ్చింది, ఎవరి ఇంట్లో వాడారు, ఎవరు ఇచ్చారు అన్నదైనా చీటీ మీద ఉండాలి. 'గ్రామీణ స్త్రీల హస్తకళ' అని రాసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. రవివర్మ పటం కింద 'కేరళ పురుషుల చిత్రకళ' అని ఎవరూ రాయరు కదా! కులం పేరు రాయాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. గొంగడి నేసిన కురుమ కుటుంబం తప్పకుండా రాయమనవచ్చు. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిన సంచార కుటుంబం వద్దే వద్దనవచ్చు. అడగకుండా రాయొద్దు, అడగకుండా చెరపొద్దు.

పేరు ఒక్కటే ఉంటే సరిపోదని అమెరికా అనుభవం చెబుతోంది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం అక్కడి బొంతలను గోడకు వేలాడదీసి, నైరూప్య చిత్రాల్లాగా చూడమంది. జనం చూశారు, కానీ కుట్టిన చేతుల ఊసు అందులో తక్కువే. 2002లో అలబామాలోని జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీల బొంతలు పేర్లతో సహా హ్యూస్టన్ మ్యూజియంకు వచ్చాయి. దేశమంతా తిరిగాయి, 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. 2007లో ఆ కుట్టినవాళ్లలోనే కొందరు తమకు రావలసింది రాలేదని కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది కేసులు రాజీతో ముగిశాయి. మేము నేర్చుకున్నది ఇదీ: బొంతను అరువివ్వడం వేరు, దాని మీది డిజైను ఇవ్వడం వేరు. క్యాలెండరు, చేతిసంచి, గ్రీటింగు కార్డు, ఏది అచ్చువేసినా కుట్టినవాళ్ల సంతకం ముందే ఉండాలి, అమ్మకంలో వాటా ఉండాలి.

కూలీ మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు పనివాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ లేసు ప్రపంచ మార్కెట్టుకు వెళుతుంటే, అల్లే ఆడవాళ్ల శ్రమ మాత్రం ఇల్లాళ్ల తీరిక వేళ కాలక్షేపంగానే లెక్కకొచ్చిందని ఆమె చూపించారు. తీరిక అన్న మాట తగిలించగానే రేటు పడిపోతుంది. ప్రదర్శనలో కూర్చుని కుట్టి చూపించమంటే గంటకు ఇంత అని ముందే చెప్పాలి, ఆటో ఖర్చు విడిగా ఇవ్వాలి. మెమెంటో, శాలువా కూలీ కింద జమకావు. (శాలువాలు మా దగ్గర చాలానే ఉన్నాయి. కొన్ని ఇప్పటికే బొంతల్లో కలిసిపోయాయి.)

మా వస్తువులు దానం కాదు, అరువు. బొంత చలికాలంలో ఇంట్లో కావాలి. డిసెంబరు, జనవరిలో అడిగితే ఇవ్వం. మార్చి నుంచి జూన్ దాకా తీసుకోండి. ఆ నాలుగు నెలలు మించి వెలుతురులో ఉంచడం గుడ్డకూ మంచిది కాదు. పాత బట్టల మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియంలు పెట్టుకున్న నియమమే, మా పనికీ దాన్నే పాటించండి. మేకులు కొట్టొద్దు. వెనక పైఅంచు పొడవునా గుడ్డ గొట్టంలా కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీస్తే బరువు సమంగా పడుతుంది. భద్రపరిచేటప్పుడు మడతపెట్టకుండా చుట్టండి. మరకలు మాత్రం తీయొద్దు. గ్రీజు మరక వర్క్‌షాపులో ఏ విభాగంలో ఎవరి చొక్కాకు అంటిందో చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మాట రికార్డు చేసి పెట్టండి.

ముట్టుకోవద్దన్న బోర్డు పెడితే ఈ ప్రదర్శన సగం చచ్చిపోయినట్టే. అందుకని ప్రతి రకానికీ ఒక నమూనా ముక్క మేమే కుట్టి ఇస్తాం, జనం తడిమి చూడటానికి. గొంగడి విషయంలో ఇది మరీ అవసరం. గొంగడి మా బస్తీలో నేసేది కాదు, అయినా మా ప్రదర్శనలో దానికి చోటుంటుంది. దక్కను నల్ల గొర్రెల ఉన్ని వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తే అది బిగుసుకుని వాననీటిని ఆపుతుంది. మాంసం కోసం ఉన్ని లేని జాతులను పెంచడం ఎక్కువయ్యాక నల్ల ఉన్ని తగ్గిపోయింది. ఆ గరుకుదనం చేతికి తగిలితేనే ఈ కథంతా బుర్రకెక్కుతుంది.

ఒక విషయంలో మాలో మాకే పోట్లాట జరిగింది. నూలు బొంతలే పెట్టాలని కొందరు, నైలాను, పాలియెస్టరు చీరలతో కుట్టినవీ పెట్టాలని కొందరు. రెండో పక్షమే నెగ్గింది. పాలియెస్టరు బొంత చెమట పీల్చదు, మంచం మీంచి జారిపోతుంది, సూది సరిగ్గా దిగదు. నిజమే. కానీ మా ఇళ్లలో కట్టుకున్నవి ఏవో, బొంతలోకి వచ్చేవీ అవే. నూలే ముద్దు అంటూ ఏరి కూర్చితే చూసేవాళ్లకు బాగుంటుందేమో గానీ, అది లాలాగూడ కాదు. స్కూలు యూనిఫాం గళ్లు, ఎన్నికల్లో పంచిన చీరలు, పార్టీ కండువాలు, అన్నీ ఉంటాయి. ఇబ్బంది అనిపిస్తే ముందే చెప్పండి.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు తమ బొంతలకు నాలుగు మూలలా త్రికోణపు ముక్కలు మడిచి కుడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేని బొంత వాళ్ల లెక్కలో ఒంటి మీద గుడ్డలేనిదే. ఇలాంటి కట్టుబాట్లు మాకూ ఉన్నాయి. పసిబిడ్డ బొంతకు ఎవరి చీర వాడాలి, ఎవరిది వాడకూడదు, చనిపోయినవాళ్ల బట్టలు ఏం చేయాలి అన్నదాంట్లో ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. క్యూరేటర్ చీటీలు రాయకముందు మా ఇళ్లకు రావాలి, కూర్చోవాలి, వినాలి. తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసిన చీటీలు ఇంగ్లీషు చీటీకన్నా చిన్న అక్షరాల్లో ఉండకూడదు.

ఇక చోటు, వేళ. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, మంచిదే, మెట్టుగూడలో మెట్రో ఎక్కితే వెళ్లొచ్చు. కానీ కుట్టినవాళ్లు టికెట్టు కొనుక్కుని తమ బొంతను చూసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. వాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ ప్రవేశం ఉచితం. ప్రదర్శన కనీసం రెండు వారాలు లాలాగూడలోనే జరగాలి, షిఫ్టు దిగినవాళ్లు రావడానికి వీలుగా రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉండాలి. చూడటానికి వచ్చిన మగవాళ్లను 'మీకిక్కడ ఏం పని' అన్నట్టు చూడొద్దు. దూది ఏకినవాళ్లు, సీట్లు కుట్టినవాళ్లు వాళ్లే.

అరువు పత్రం నమూనా మేము రాసి ఉంచాం. ముందుకొచ్చే సంస్థ పెద్దదైనా చిన్నదైనా అదే పత్రం. అద్దె, రవాణా, బీమా, తేదీలు, ఏ గోడకు ఏది అన్నవన్నీ కూర్చుని మాట్లాడుకుందాం. కుట్టినవాళ్ల పేరు, డిజైను మీద వాళ్ల హక్కు, ఈ రెండింటి మీద మాత్రం బేరం లేదు.