ఈ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు?

కొత్త ఆస్పత్రి తెరిచారంటే పేపర్లో మూడు అంకెలు తప్పకుండా వస్తాయి. ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు, ఎంతమంది డాక్టర్లు. అర్ధరాత్రి రెండు గంటలకు ఆ పడకల దగ్గర ఎంతమంది నర్సులు ఉంటారో మాత్రం ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వాస్పత్రుల వార్డుల్లో గడిపి, హెడ్ నర్సుగా రిటైరైన దాన్ని. పేషెంటు ప్రాణం ఎక్కువగా ఆ నాలుగో అంకె మీదే ఆధారపడి ఉంటుందని నేను కళ్లారా చూశాను.

మాది విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం. ఒకవైపు థర్మల్ స్టేషన్, మరోవైపు కొండపల్లి పారిశ్రామికవాడ, మధ్యలో హైదరాబాద్ హైవే. జగదల్‌పూర్ వెళ్లే హైవే కూడా ఇక్కడే మొదలవుతుంది. లారీ గుద్దినా, బాయిలర్ దగ్గర ఒళ్లు కాలినా, బూడిద గాలికి ఆయాసం ముదిరినా మావాళ్లు పరుగెత్తేది విజయవాడకే. అక్కడ డాక్టరు వస్తారు, చూస్తారు, రాసి వెళ్తారు. మిగతా ఇరవై మూడున్నర గంటలు పేషెంటు నర్సు చేతిలోనే ఉంటాడు.

మన దేశంలో దీనికి లెక్క లేదని కాదు. బోధనాస్పత్రి జనరల్ వార్డులో 3 పడకలకు 1 స్టాఫ్ నర్సు, బోధనాస్పత్రి కానిచోట 5 పడకలకు 1 ఉండాలనీ, సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని పెట్టుకోవాలనీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 1:3 అన్నది మొత్తం పోస్టుల లెక్క. దాన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు షిఫ్టులకు పంచితే ఒక్కో షిఫ్టులో 9 పడకలకు ఒక నర్సు వస్తుంది. బోధనాస్పత్రి కానిచోట అదే భాగహారంతో 15 పడకలకు ఒకరు. ఇది అన్ని పోస్టులూ నిండి, ఎవరూ డిప్యుటేషన్ మీద వెళ్లకుండా, ఎవరికీ జ్వరం రాకుండా ఉన్నప్పటి మాట. రాత్రి షిఫ్టుకు ఎప్పుడూ అందరికంటే తక్కువమందినే వేస్తారు. ముప్ఫై మంది పేషెంట్లకు ఒక్కరే తెల్లవార్లూ తిరిగిన నర్సులు ఈ రాష్ట్రంలో వేలమంది ఉంటారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని.

అలాంటి రాత్రి ఏం జరుగుతుందో చెబుతాను. పన్నెండింటి యాంటీబయాటిక్ ఒకటిన్నరకు పడుతుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పరు, వారంలో నడుం కింద పుండు పడుతుంది. షుగర్ పడిపోయి చెమటలు పడుతున్న ముసలాయన నిద్రపోతున్నాడనుకుంటారు. సెలైన్ బాటిల్ కాపలా పేషెంటు తాలూకు వాళ్లదే. "సిస్టర్ గారూ, అయిపోవచ్చిందండీ" అని కారిడార్ చివరి నుంచి కేక వేస్తారు. నర్సు అప్పటికే ఇంకో మంచం దగ్గర ఆక్సిజన్ పెడుతూ ఉంటుంది. ఆలస్యంగా వచ్చిందని ఆమెను తిడతారు. వాళ్ల బాధ నిజమే. కానీ ఆ తిట్టు చేరాల్సింది పోస్టులు మంజూరు చేయని ఫైలుకు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో లిండా ఎయికెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ పేషెంట్ల విషయంలో ఒక నర్సు చూసుకోవాల్సిన వారు ఒక్కొక్కరు పెరిగిన కొద్దీ నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. కాలిఫోర్నియా 1999లోనే దీనిమీద చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తోంది. అక్కడ సాధారణ వార్డులో ఒక నర్సుకు ఐదుగురికి మించి ఇవ్వకూడదు. ఆ 5 మన 1:5 లాంటిది కాదు. ఏ క్షణంలో వెళ్లి చూసినా ఉండాల్సిన లెక్క అది.

ఇక చదువు. చదువుకీ వార్డుకీ మధ్య గోడ లేదు. వార్డులో మనుషులు తక్కువైతే పిల్లలకు పని నేర్పేవాళ్లూ ఉండరు. ఆస్పత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక విద్యార్థిని అన్నది కౌన్సిల్ నిబంధన. ఏడాదికి 60 సీట్ల బీఎస్సీ నర్సింగ్ కాలేజీలో నాలుగేళ్లకు కలిపి 240 మంది. అందులో మూడో వంతు పిల్లలు ఒకేసారి పోస్టింగ్‌లో ఉన్నా వాళ్లకు 240 మంది పేషెంట్లు కావాలి. కాలేజీకి సొంత ఆస్పత్రి 100 పడకలదైతే మిగతాది ఎక్కడ? అఫిలియేషన్ కాగితం పట్టుకుని అన్ని కాలేజీల బస్సులూ అవే పెద్దాస్పత్రుల గేటు ముందు ఆగుతాయి. ఒక మంచం చుట్టూ ఏడెనిమిది మంది నిలబడితే కాన్యులా పెట్టేది ఒక్కరు, చూసేది మిగతా అందరూ. మా అన్నయ్య కూతురు నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు రైల్స్ ట్యూబ్ వేశావా అని అడిగాను. "చూశాం అత్తా, చేయలేదు" అంది. లాగ్‌బుక్‌లో మాత్రం ఆ గడి ఎదురుగా సంతకం ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అన్యాయం ఇంకొకటి. కొన్ని చిన్న ఆస్పత్రుల్లో రాత్రి షిఫ్టును నడిపేదే విద్యార్థినులు. నేర్పే సీనియర్ ఉండదు, అడ్డుకునే టీచర్ ఉండదు. యూనిఫాం చూసి పేషెంటు ఆమెను నర్సే అనుకుంటాడు. ఏదైనా తేడా వస్తే ఆ పందొమ్మిదేళ్ల పిల్లే జవాబు చెప్పుకోవాలి. ఆ పిల్లను పెంచిన తల్లిదండ్రులు ఫీజు కట్టింది ఇందుకు కాదు.

చదువు పూర్తయ్యాక ప్రభుత్వం ఏ నర్సును ఎంచుకుంటుంది? మన రాష్ట్రంలో స్టాఫ్ నర్సు కాంట్రాక్టు నోటిఫికేషన్లలో వచ్చే మెరిట్ సూత్రం చూడండి. 100కు 75 మార్కులు కోర్సు పరీక్షల్లో వచ్చిన శాతానికి, పాసై ఎన్నేళ్లయిందన్నదానికి 10 వరకు, కాంట్రాక్టు సర్వీసుకు 15 వరకు. మనిషి చేత ఒక్క ఇంజెక్షన్ చేయించి చూసే ఏర్పాటు ఇందులో లేదు. మార్కులు ధారాళంగా వేసే కాలేజీ పిల్లలు పైకి పోతారు, గట్టిగా నేర్పి గట్టిగా దిద్దే కాలేజీ పిల్లలు నష్టపోతారు. కాలేజీలకు మనం పంపుతున్న సందేశం ఇదైనప్పుడు వాళ్లనే తిట్టి లాభం లేదు.

జీతం మాట. సుప్రీంకోర్టు 2016 జనవరి తీర్పు ప్రకారం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. కేరళలో నర్సులు రోడ్డెక్కి పోరాడితే 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20,000 కనీస వేతనంగా ఉత్తర్వు ఇచ్చింది. మా చుట్టుపక్కల చిన్న ఆస్పత్రుల్లో కొత్తగా చేరి ఆ మొత్తం అందుకుంటున్న అమ్మాయి నాకింతవరకు తారసపడలేదు. అందుకే ఈ అమ్మాయిలు జర్మనీ వెళ్లడానికి జర్మన్ నేర్చుకుంటున్నారు. వెళ్లనివ్వండి, వాళ్ల కష్టానికి విలువ ఇచ్చేచోటికి వెళ్తున్నారు. ఇక్కడ ఉండిపోయిన వాళ్లలో వేలమంది గ్రామాల హెల్త్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) బీపీలు, షుగర్లు చూస్తూ, మందులిస్తూ ఊరి వైద్యానికి మొదటి మెట్టుగా ఉన్నారు. వాళ్లవీ కాంట్రాక్టు ఉద్యోగాలే. 2025లో వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది.

మంచి అడుగులు పడలేదని అనను. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టాలని కేంద్ర మంత్రివర్గం 2023లో నిర్ణయించడం సరైన ఆలోచన. పడకలు ఉన్నచోటికే చదువు వస్తుంది. అదే ఏడాది 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అయితే ఒక షిఫ్టులో ఒక నర్సుకు ఇంతమందికి మించి ఇవ్వరాదని ఆస్పత్రిని కట్టడి చేసే అంకె అందులోనూ లేదు.

ఆ అంకె పెట్టడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో 2002 చట్టం ఉంది. ఆ నిబంధనల్లోనే షిఫ్టువారీ నర్సుల సంఖ్య చేర్చవచ్చు. విద్యార్థినిని ఆ సంఖ్యలో కలపకూడదని రాయవచ్చు. ప్రభుత్వాస్పత్రులకు ఒక్క జీవో చాలు. ప్రతి వార్డు గుమ్మం దగ్గర బోర్డు పెట్టి, ఈ షిఫ్టులో పేషెంట్లు ఇంతమంది, రిజిస్టర్డ్ నర్సులు ఇంతమంది అని సుద్దముక్కతో రాయిస్తే, తనిఖీ రోజున అరువు తెచ్చుకున్న మనుషులతో వార్డు నింపే అలవాటు పోతుంది. పోస్టులు పెంచితే ఖర్చవుతుంది, నిజమే. పడక పుండ్లకీ, ఇన్‌ఫెక్షన్లకీ, మళ్లీ చేరే పేషెంట్లకీ అయ్యే ఖర్చు ఇప్పటికే మనమే కడుతున్నాం.

బోర్డు వచ్చేదాకా మీరు ఒక పని చేయండి. మీవాళ్లను ఆస్పత్రిలో చేర్చేటప్పుడు రూము అద్దెతో పాటు, ఈ రాత్రి ఈ వార్డులో ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది రిజిస్టర్డ్ నర్సులు డ్యూటీలో ఉంటారని అడగండి. కౌంటర్లో ఉన్న మనిషికి తెలియకపోతే సూపరింటెండెంటును అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.