బస్ డిపోలో మా పిల్లలకూ పని నేర్పండి

సూరత్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

లింబాయత్, ఉధ్నా వాడల్లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల తరఫున రాస్తున్నాను. మా పెద్దలు తెలంగాణ నేత ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మా పిల్లల కోసం మీ సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఆ మేలు మరువలేం. బడి దాటాక మగ్గం తప్ప మరో దారి కనబడకపోవడమే మా బెంగ.

ఆ దారి ఇప్పుడు మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా చేసిన ఎలక్ట్రిక్ బస్సులు సూరత్ రోడ్ల మీద తిరుగుతున్నాయి. అల్థాన్ డిపోలో పైకప్పు మీది సౌర విద్యుత్తును, ఒకసారి వాడేసిన బ్యాటరీల్లో నిల్వచేసి బస్సులకు ఎక్కిస్తున్నారు. బండి లాగలేని బ్యాటరీలోనూ చాలా సత్తువ మిగిలి ఉంటుంది. ఏ సెల్‌లో ఎంత మిగిలిందో కొలవాలి, పాడైనవి ఏరేయాలి, మంచివి మళ్లీ కూర్చాలి. వందల వోల్టులతో చేసే ఆ పనికి ధైర్యం ఒక్కటే చాలదు, గట్టి శిక్షణ కావాలి.

కిలోమీటరు లెక్కన డబ్బు తీసుకుని బస్సులు నడిపే కాంట్రాక్టర్ల చేతిలోనే డిపో కొలువులూ ఉంటాయి. అందుకే టెండరు షరతుల్లోనే 1961 అప్రెంటిస్ చట్టం కింద స్థానిక ఐటీఐ విద్యార్థులకు స్టైపెండుతో శిక్షణ తప్పనిసరి చేయండి. డ్రైవరు, కండక్టరు కొలువులతో సరిపెట్టకండి. బ్యాటరీ, ఛార్జర్ పనుల్లో ఆడపిల్లలకూ చోటివ్వండి. ఆ శిక్షణ ప్రకటనను తెలుగులోనూ వేయించి, మీ తెలుగు బడుల గోడల మీద అంటించండి.