కట్టె, కొట్టె, తెచ్చె చాలదు

మన బెంగుళూరు తెలుగు రచయితల్లో సినిమాకి కథ ఇవ్వాలన్న కోరిక ఉన్నవారు తక్కువేమీ కాదు. నవలలు అచ్చయినవారూ, నాటికలకు బహుమతులు అందుకున్నవారూ కూడా ఉన్నారు. అందరికీ ఒకేచోట చుక్కెదురవుతోంది. దర్శకుడు "లైను చెప్పండి" అంటాడు. వెంటనే మనవాళ్ళకి కోపం వస్తుంది. మూడు వందల పేజీల కథను ఒక్క వాక్యంలో చెప్పమనడం సాహిత్యానికి అవమానమట. లాగ్‌లైను అన్నది అమెరికా అంగడి సరుకట. వినే ఓపిక లేనివాడికి అసలు కథ ఎందుకట. వినడానికి బాగానే ఉంది గానీ, ఇది సోమరితనానికి కప్పిన శాలువా అని నా అభిప్రాయం.

కథను క్లుప్తంగా చెప్పడం మనకి అమెరికావాడు నేర్పాలా? రామాయణాన్ని కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు మాటల్లో ముగించిన జాతి మనది. అయితే ఆ మూడు మాటలూ లైను కావు. కథ తెలిసినవాడికి గుర్తుచేస్తాయే తప్ప తెలియనివాడికి ఏమీ చెప్పవు. కట్టింది ఎవరు? కొట్టకపోతే పోయేదేమిటి? జరిగినదంతా కుదించి చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఎలాంటి మనిషి, అతనికి ఏం కావాలి, దానికి అడ్డేమిటి, దక్కకపోతే ఏం పోతుంది - ఇవి ఒక వాక్యంలో ఇమడాలి. ముగింపు చెప్పనక్కరలేదు. పాత్ర పేరు కూడా అక్కరలేదు. "రామారావు" అంటే వినేవాడికి ఏం తెలుస్తుంది? "పింఛను ఆగిపోయిన బంట్రోతు" అంటే మనిషి కనిపిస్తాడు.

నేను చాలా ఏళ్ళుగా బ్యాంకులో రుణాల దరఖాస్తులు చదువుతున్నవాణ్ణి. అందులో "రుణం దేనికి" అని ఒక గడి ఉంటుంది. "వ్యాపారాభివృద్ధికి" అని రాసినవాడి కాగితం పక్కకి పోతుంది. "రెండు మగ్గాలున్నాయి, పండుగలోపు మూడోది కొనకపోతే ఆర్డరు చేజారుతుంది" అని రాసినవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడతాం. అతను గొప్ప రచయిత అని కాదు, తనకేం కావాలో తనకి తెలుసు. మనవాళ్ళ లైన్లు చాలావరకు ఈ వ్యాపారాభివృద్ధి బాపతే. "మానవ సంబంధాల పతనం", "వలసజీవుల వ్యథ"!

సాహిత్యానికి అవమానం అనేవారు పఠాభిని తలచుకోవాలి. నెల్లూరు మనిషి, 1939లో 'ఫిడేలు రాగాల డజన్'తో ఛందస్సు మీద తిరగబడ్డ కవి. తర్వాత మన బెంగుళూరులోనే స్థిరపడి, 2006లో ఇక్కడే కన్నుమూశారు. అనంతమూర్తిగారి కన్నడ నవల 'సంస్కార'ను ఆయన సినిమాగా తీస్తే మద్రాసు సెన్సారువారు మొదట అడ్డుకున్నారు. చివరికి 1970 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం దానికే వచ్చింది. అంత లోతైన కథ లైను చూడండి: ఆచారాలన్నీ మంటగలిపిన బ్రాహ్మణుడు చనిపోతే, శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టరాదు, ఆ సంస్కారం ఎవరు చెయ్యాలో తేల్చవలసిన పండితుడు తానే ఆచారం తప్పుతాడు. ఈ వాక్యం వల్ల నవలకి ఏం అవమానం జరిగింది? లైను బాగుంటే సినిమా బాగుంటుందని నేననను. లైను చెప్పలేనివాడికి తన కథ తనకే తెలియదంటున్నాను.

సినిమావారి తప్పు లేదా? ఉంది. ఫలానా హిట్టులోని హీరో, ఫలానా హిట్టులోని పగ కలిపి లైను అనేవారున్నారు. అది పాత బాకీకి నోటు తిరగరాయించుకోవడం.

ఇక మిగిలింది దొంగల భయం. లైను చెబితే ఎత్తుకుపోతారని మనవాళ్ళు కావాలనే నీళ్ళు నములుతారు. ఈ భయం ఉత్తది కాదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని కాపీకొట్టి 1956లో 'న్యూఢిల్లీ' సినిమా తీశారని దావా వేశాడు. రెండింటిలోనూ పంజాబీ, మద్రాసీ కుటుంబాల మధ్య ప్రేమ, ప్రాంతాల పట్టింపు. మనలాంటి భాషా అల్పసంఖ్యాకుల కథే! 1978లో సుప్రీంకోర్టు ఆలోచన మీద ఎవరికీ కాపీరైటు లేదు, దాన్ని రాసిన తీరు మీదే ఉంటుంది అని తేల్చింది. ఆనంద్ ఓడిపోయాడు. కనుక లైనుని దాచి లాభం లేదు. ముందు స్క్రీన్‌ప్లే పూర్తిగా రాసి, రచయితల సంఘంలో నమోదు చేయించి, అప్పుడు వెళ్ళి ధైర్యంగా చెప్పండి.

ఉదాహరణకి, పక్కనున్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. "గని కార్మికుల కన్నీటిగాథ" అంటే నిర్మాత టీ ఇచ్చి పంపేస్తాడు. "గని మూతపడి కంపెనీ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాక, ఎన్నడో వదిలివచ్చిన చిత్తూరు పల్లెలో తనని గుర్తుపట్టేవాడే లేని ముసలి కార్మికుడు, మనవరాలి పెళ్ళి అయ్యేదాకా ఆ ఇంటిని నిలబెట్టుకోవాలని చూస్తాడు" అంటే కుర్చీ ముందుకు లాక్కుంటాడు. ఈ వాక్యం నాదే, ఎవరైనా వాడుకోండి. కోర్టు ఎలాగూ నా పక్షాన ఉండదు.