మురుగులోనూ మగచూపే

ఆంటోనియో సెగూరా రాసి, జోర్డి బెర్నెట్ గీసిన స్పానిష్ కామిక్స్ ‘క్రాకెన్’ 1983లో మొదలైంది. నియంత ఫ్రాంకో 1975లోనే పోయాడు, భయం పోలేదు. మెట్రోపోల్ నగరం కింద మురుగుకాలువల్లో లెఫ్టినెంట్ దాంతే దళం గస్తీ తిరుగుతుంటుంది. రాజ్యహింస మీద ఇంత సూటి కథ అరుదే, ఒప్పుకుంటాను.

కానీ ఆ చీకట్లో ఆడవాళ్ల ఒళ్ల మీదికి మాత్రం వెలుగెలా వస్తోంది? ‘వాస్తవాన్ని చూపాడు’ అంటారు విమర్శకులు. హింసను చూపడం వేరు, దాన్ని చూసేవాడికి విందు చెయ్యడం వేరు. ‘టార్పెడో’ మొదటి రెండు కథలు గీసిన అలెక్స్ టోత్ అందులోని కటిక హాస్యం నచ్చక తప్పుకున్నాడు. బెర్నెట్ అందుకున్నాడు. అత్యాచారం కూడా అందులో నవ్వులాటే అయింది.

పోలీసును నిలదీసినంత మాత్రాన పితృస్వామ్యపు బాకీ తీరిపోదు. ఆ లెక్క మనమే అడగాలి.