మెహఫిల్ టేపుల విలువ

గజల్ గాయకులు పండిత విఠల్‌రావు గారు 2015లో, ఎనభై యేండ్లు పైబడిన వయస్సులో, హైదరాబాదులో కన్నుమూశారు. ఏడవ నిజాము రెండవ కుమారుడు, 'షజీ' అనే కలం పేరుతో కవిత్వం చెప్పిన మొఅజ్జం జా కొలువులో చిన్న వయస్సులోనే పాడిన వ్యక్తి ఆయన. హిల్‌ఫోర్ట్ భవనంలో రాత్రంతా సాగిన ఆ కొలువు ముచ్చట్లను సిద్ఖ్ జైసీ అనే కవి గ్రంథస్థం చేశాడు. మాటలు గనుక పుస్తకంలో దొరుకుతున్నాయి. గానం పుస్తకంలో దొరికేది కాదు.

విఠల్‌రావు గారు వార్ధక్యంలో హార్మోనియం ముందు కూర్చుండి మిత్రుల మధ్య పాడిన మెహఫిళ్ల రికార్డులు కొన్ని నేడు అంతర్జాలంలోనూ వినవచ్చును. వాటిని వినిపిస్తే కొందరు విద్యార్థులు "గొంతు పోయింది కదా సార్, పైగా మధ్యలో ఈ గోల యేమిటి?" అంటారు. ఈ రెండు ఆక్షేపణలతోనూ నేను ఏకీభవించలేను.

ముందుగా 'గోల' సంగతి. గజల్‌లో ప్రతి షేరూ దేనికదే పూర్తి అయిన రెండు పాదాల పద్యం. గాయకుడు మొదటి పాదాన్ని పలుమార్లు, పలు విధాల తిప్పి తిప్పి పాడి శ్రోతను ఊరిస్తాడు. రెండవ పాదం చివర ప్రాస వచ్చి పడగానే సభ 'వాహ్వా' అంటుంది, 'ముకర్రర్' అని మళ్లీ పాడమంటుంది. ఎన్నిసార్లు తిప్పాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది గాయకుడొక్కడే కాదు, ఎదుట కూర్చున్న శ్రోత కూడా. పాత గ్రామఫోను పలక ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలే ఆడేది. స్టూడియోలో గోడలు 'వాహ్వా' అనవు. ఆ గోలను తీసివేసిన గజల్ ప్రశ్నలు చెరిపివేసిన సంభాషణ వంటిది.

ఇక గొంతు సంగతి. అమెరికాలో షర్లీ హార్న్ అనే జాజ్ విదుషి ఉండేది. పియానో తానే వాయించుకుంటూ పాడేది. 1960ల ఆరంభంలో పేరు వచ్చినా, కుమార్తె పెంపకం కోసం చాలా ఏండ్లు స్వస్థలమైన వాషింగ్టన్ పరిసరాలు విడిచి పెద్దగా వెళ్లలేదు. 1987లో, యాభై దాటిన తర్వాత, హాలీవుడ్‌లోని ఒక చిన్న క్లబ్బులో శ్రోతల మధ్య పాడినప్పుడు చేసిన రికార్డుతో ఆమె మళ్లీ లోకం దృష్టికి వచ్చింది. (మద్యం అమ్మే చోటు గదా అని ముఖం చిట్లించనక్కరలేదు, మనం విలువ కట్టేది పాటకే.) ఆమె పాట నిదానం. మాటకూ మాటకూ నడుమ విడిచిన జాగా శ్రోత మౌనంతో నిండుతుంది. వేళ్లూ గొంతూ ఒకే మనిషివి గనుక, ఎక్కడ ఆగాలో మరొకరికి సైగ చేయనక్కరలేదు. హార్మోనియం ముందున్న వృద్ధ గజల్ గాయకుడి సంగతీ ఇదే. ఊపిరి తగ్గినచోట పెట్టె అందుకుంటుంది. యౌవనంలో తానుతో సాధించిన దానిని ముదిమిలో ఒక్క మాట విరుపుతో సాధిస్తాడు. ఇది లోపం కాదు, అర్థం తెలిసిన ఉచ్చారణ.

ఆ హార్మోనియానికి మన దేశంలో జరిగిన అన్యాయం కూడా చెప్పవలసియున్నది. 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించింది. సూక్ష్మ శ్రుతులు పలకవనీ, పాశ్చాత్య వాద్యమనీ కారణాలు చూపారు. 1970ల ఆరంభంలో గాని నిషేధం సడలలేదు. ముప్పై యేండ్లపాటు, తన పెట్టె తాను వాయించుకుంటూ పాడే గాయకుడికి రేడియో తలుపు ఆ రూపంలో మూసియే ఉన్నది. కాబట్టి మన ప్రాంతంలో ఈ గానానికి నిజమైన దస్తావేజులు ప్రభుత్వ బీరువాలలో కంటె ఇండ్ల అటకల మీదనే ఎక్కువ వెదకవలసి ఉంటుంది.

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల నుండి గల్ఫుకు వెళ్లినవారు 1970లు, 80లలో తెచ్చిన టేప్‌రికార్డర్లు ఎన్నో ఇండ్లలో ఉండేవి. పెండ్లిళ్లలో ఖవ్వాలీలు, ఉర్సులు, ముషాయిరాలు, చెరకు గానుగ కాలం ముగిసిన తర్వాతి మెహఫిళ్లు, వీటిలో కొన్నయినా ఆ క్యాసెట్లకు ఎక్కి ఉంటాయి. టేపు మీది అయస్కాంత పూత తేమకు ఊడుతుంది, బూజు పడుతుంది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టర్లు ఖాళీ చేసిన కుటుంబాలు సామాను తగ్గించుకునేటప్పుడు ముందుగా పారవేసేది ఆడని క్యాసెట్లనే. పాత ఇనుము వానికి కూడా అవి అక్కర లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి స్వల్పమే. గ్రంథాలయంలో ఒక బల్ల, మరమ్మతు చేయించిన ఒక క్యాసెట్ డెక్కు, ఒక కంప్యూటరు చాలును. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు తమ పెద్దల టేపులు తెచ్చి, నకలు తీయించుకొని, అసలు తిరిగి ఇచ్చివేయాలి. పాడినదెవరు, ఎవరి కవిత, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఆ ఇంటి వృద్ధులు బ్రతికి ఉండగానే అడిగి రెండు లిపులలోనూ వ్రాయాలి. ఇందులో అభ్యంతరం ఒక్కటే ఊహించగలను. ఆడవారి సమక్షంలో, ఇంటి గోప్యంలో జరిగిన సభలు కొన్ని ఉంటాయి. అటువంటివి ఇంటివారి అనుమతి లేనిదే ఎవరికీ వినిపించరాదు.

నకలు తీసే విద్యార్థికి మాత్రం ఒక్క మాట. శుభ్రపరచే ఉత్సాహంలో దగ్గునూ, టీ కప్పుల చప్పుడునూ, వెనుక నుండి 'ముకర్రర్' అన్న ఆ పెద్దమనిషి గొంతునూ కోసివేయవద్దు.