బార్డరు దాటితే ఛార్జింగ్ ఎక్కడ?

సరిహద్దు ఊళ్లవాళ్లకు పెట్రోలు లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పన్నుల తేడా వల్ల ఆంధ్రలో లీటరు ధర ఏళ్లుగా కర్ణాటక కంటే ఎక్కువే. అందుకే కోలారు, చిక్కబళ్లాపురం నుంచి తిరుపతికో అనంతపురానికో బయల్దేరినవాళ్లు బార్డరుకు ఇవతలే ట్యాంకు నింపుకొంటారు. యానాంలోనూ ఇదే కథ. కాకినాడ వైపు నుంచి వచ్చిన బండి అక్కడి బంకు చూశాక ఆగకుండా పోదు. ఇప్పుడు ఈ ఇళ్లలోనే కొత్త చర్చ నడుస్తోంది. పాత పెట్రోలు కారు అమ్మేసి కరెంటు కారు కొందామా? కొంటే ఏ కంపెనీది కొనాలి? షోరూంలో వచ్చే జవాబు నగరంలో తిరిగేవాడికి సరిపోవచ్చు. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం, చుట్టాలు, సంబంధాలు ఇంకో రాష్ట్రంలో ఉన్నవాడికి అది చాలదు.

నిజానికి కరెంటు కారు ఈ ప్రాంతానికి కొత్త చుట్టమేమీ కాదు. 2001లోనే బెంగళూరులో చేతన్ మైని ఆధ్వర్యంలో ‘రేవా’ రోడ్డెక్కింది. సీసం బ్యాటరీలతో ఒక ఛార్జింగ్‌కు 80 కిలోమీటర్ల దాకా నడిచే ఆ బుల్లి కారు లండన్‌లో ‘జీ-విజ్’ పేరుతో అమ్ముడైంది. 2010లో ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు హోసూరులో ఏథర్, టీవీఎస్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా విద్యుత్ స్కూటర్లు తయారుచేస్తున్నాయి. శ్రీపెరుంబుదూరులో కార్లు తయారుచేసే హ్యుందాయ్ 2025 జనవరిలో క్రెటా ఎలక్ట్రిక్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో తూత్తుకుడిలో వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ ఫ్యాక్టరీ తెరుచుకుంది. తయారీ ఇంత చేరువకు వచ్చింది. ఛార్జింగ్ మాత్రం అంత చేరువకు రాలేదు.

కంపెనీలను పోల్చాలంటే ముందు ఒక కొలబద్ద కావాలి. బ్యాటరీని కిలోవాట్ అవర్లలో చెబుతారు. భయపడక్కర్లేదు, అది కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఇక ఇక్కడివాళ్లకు అందరికీ తెలిసిన దారి బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా తిరుపతి. సుమారు 250 కిలోమీటర్లు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి 30 యూనిట్ల బ్యాటరీ పెట్టి, కాగితం మీద 312 కిలోమీటర్లు అన్నారు. రోడ్డు మీద అది 200 చుట్టుపక్కలే తేలింది. తర్వాత వచ్చిన 45 యూనిట్ల నెక్సాన్‌కు పరీక్షలో 489 వచ్చినా, వాస్తవంగా 350 పైచిలుకు నడుస్తుందని కంపెనీయే చెప్పుకొంది. అంటే కాగితం అంకెలో మూడోవంతు దాకా కోసేసుకోవాలి. ఆ లెక్కన 332 కిలోమీటర్లు ప్రకటించిన 38 యూనిట్ల ఎంజీ విండ్సర్‌కు తిరుపతి దారిలో ఒక ఛార్జింగ్ తప్పదు. చిన్న బ్యాటరీ టియాగోకూ తప్పదు. 51 యూనిట్ల క్రెటా ఒక్క దమ్ములో చేరుతుంది. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ 79 యూనిట్లు. వెళ్లడమే కాదు, తిరుగు ప్రయాణంలో సగం దాకా కూడా లాగుతుంది. కానీ ధర సామాన్యుడికి అందదు. ఎంజీ కామెట్‌కైతే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ సౌకర్యమే లేదు. ఊళ్లో పిల్లల బడికి, మార్కెట్‌కు అది బంగారం. తిరుపతికి మాత్రం పనికిరాదు.

2025 జులైలో ముంబయిలో షోరూం తెరిచిన టెస్లా గురించి పేపర్లలో చాలా రాశారు. రూ.60 లక్షల దగ్గర మొదలైన దిగుమతి కారు ముళబాగిలు వ్యాపారికో బళ్లారి టీచరుకో సంబంధించిన సంగతి కాదు. వాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ కారు ఆగిపోతే బాగుచేసే సర్వీస్ సెంటరు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది? పెట్రోలు కారును మన ఊరి మెకానిక్ విప్పి బిగిస్తాడు. దీని బ్యాటరీ మీద అతను చెయ్యి వేయలేడు. కంపెనీ పేరు కన్నా, సీట్ల మెత్తదనం కన్నా ఇదే ముఖ్యం.

ఇక డబ్బుల లెక్క. లీటరు రూ.105, మైలేజీ 15 వేసుకుంటే పెట్రోలు కారుకు కిలోమీటరుకు రూ.7. కరెంటు కారు ఒక యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. ఇంట్లో యూనిట్ రూ.8 అయితే కిలోమీటరుకు రూ.1.35 కూడా పడదు. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు రూ.20 కడితే రూ.3.35 దాకా పోతుంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతూ ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టేవాడికి రూ.5,600కు పైగా మిగులుతుంది. కొనేటప్పుడు రూ.4 లక్షలు ఎక్కువ పెట్టినా ఆరేళ్లలో రాబట్టుకొంటాడు. నెలకు 300 కిలోమీటర్లే తిరిగేవాడికి అదే సొమ్ము రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. బ్యాటరీకి మామూలుగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అంటే బాగా తిరిగేవాడికే ఇది లాభం. ఆదివారం గుడికి మాత్రమే కారు తీసేవాడికి తొందరేమీ లేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు కార్లకు 2019 నుంచీ 5 శాతమే. తేడా ఇంకా ఉంది గానీ మునుపటంత లేదు.

బ్యాటరీకి అద్దె కట్టే పద్ధతి మరో తిరకాసు. విండ్సర్‌ను 2024లో బ్యాటరీ లేకుండా రూ.9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు రూ.3.50 అద్దెకు తెచ్చారు. అద్దె, కరెంటు కలిపితే దాదాపు రూ.5 అవుతుంది. మిగిలేది రూ.2. కొనేటప్పుడు తక్కువ కదా అని సంతకం పెట్టేముందు షరతులన్నీ చదువుకోవాలి. లేదంటే రేపు ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అవుతుంది.

సరిహద్దువాసులను అసలు ఇబ్బంది పెట్టేది రోడ్డు పన్ను. 2016 నుంచి కరెంటు వాహనాలకు పన్ను వదిలేసిన కర్ణాటక, 2024లో రూ.25 లక్షలు దాటిన కార్లపై 10 శాతం జీవితకాల పన్ను వేసింది. తెలంగాణ 2024 నవంబరులో పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము రెండూ మాఫీ చేసింది, 2026 డిసెంబరు 31 దాకా అని గడువు పెట్టింది. ఇలా ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో దారి. అందుకే బావమరిది అడ్రసు మీద అవతల రిజిస్ట్రేషన్ చేయిద్దామనే ఆలోచన పుడుతోంది. అది మంచిది కాదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఒకచోట మిగిల్చామనుకున్నది ఇంకోచోట కట్టాల్సి రావచ్చు. ఎక్కడ కాపురమో అక్కడే నంబరు వేయించుకోవడం ఉత్తమం.

కొనేవాడి జాగ్రత్తలు ఇవైతే, ప్రభుత్వాల బాధ్యత మరొకటి. జాతీయ రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఒక్కో ఛార్జింగ్ కేంద్రం ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ కేంద్రాలకు రూ.2,000 కోట్లు కేటాయించారు. డబ్బుంది, నియమం ఉంది. కానీ ప్రతి రాష్ట్రం రాజధాని నుంచి లెక్క మొదలుపెడితే, అంచుకు వచ్చేసరికి ఉత్సాహం సన్నగిల్లడం సహజం. బాగేపల్లి, హోసూరు, రాయగడ, సిరొంచ లాంటి ఊళ్లు ఎప్పుడూ జాబితా చివర్లోనే ఉంటాయి. అక్కడ ఓట్లు తక్కువేమో గానీ, రోజూ గీత దాటే బండ్లు తక్కువ కాదు.

పొరుగు రాష్ట్రాల రవాణా, విద్యుత్ అధికారులు ఒక్కచోట కూర్చొని సరిహద్దు రోడ్లకు ఉమ్మడి పట్టిక వేయాలి. బార్డరుకు అటు ఇటు ఉన్న తాలూకా కేంద్రాల్లో రాత్రింబవళ్లు పనిచేసే ఫాస్ట్ ఛార్జర్లు పెట్టాలి. పాడైతే ఎన్ని గంటల్లో బాగుచేయాలో నిబంధన ఉండాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ కాకుండా, బంకులో మాదిరిగా ఎవరైనా డబ్బు కట్టి కరెంటు పట్టుకునే వీలుండాలి. బస్టాండ్లు, మార్కెట్ యార్డుల్లో ఇందుకు జాగా ఉంది.

తిరుమల కొండకు 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు ఎక్కి దిగుతున్నాయి. ఘాట్ రోడ్డును గెలిచిన బండికి బార్డరు అడ్డం కాకూడదు. పెట్రోలు కారుకు ఏ రాష్ట్రం బంకైనా ఒకటే. కరెంటు కారుకూ ఆ రోజు వస్తేనే సరిహద్దు ఇళ్ల ముందు పచ్చ నంబరు ప్లేట్లు కనబడతాయి.